ఎర్సిలియా చూడని టికెట్లు

ఎర్సిలియాకి తన గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఒక్కటే. అరవై రెండేళ్ళ జీవితంలో ఎదుటివాళ్ళ డొమినో బిళ్ళల వైపు ఒక్కసారి కూడా తొంగిచూడలేదు. మిగతా బతుకంతా సబానీతా పేటలో అందరిదీ ఎలా గడిచిందో అలాగే గడిచింది. మూడో తరగతిలో బడి మానేసింది. పదహారో ఏట బానీ ఊరి శివార్లలో టమాటా డబ్బాల ఫ్యాక్టరీలో చేరి, కదిలే పట్టీ మీద దొర్లుకుంటూ వచ్చే పళ్ళలో కుళ్ళినవి ఏరేసే పని ముప్ఫై ఏళ్ళు చేసింది. ఎలీహియోని చేసుకుంది. ఒక కూతుర్ని కని పెంచి పెళ్ళి చేసింది.

ఎలీహియో మూడేళ్ళ కిందట ఒక శుక్రవారం పొద్దున గడ్డం గీసుకుంటూ పోయాడు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురుగుతో. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి ఏడుపొచ్చేది. ఏడుస్తూ ఉండగానే ఆ నురుగు చెంప కళ్ళముందు మెదిలి నవ్వూ వచ్చేది. మనిషి పోయినా నవ్వించడం మానలేదని అనుకునేది.

ఆయన పోయిన మూడో వారం, కిరాణా కొట్టు ముందు బల్ల దగ్గర ముగ్గురు మగవాళ్ళు నాలుగో మనిషి లేక ఖాళీ కాఫీ కప్పులు తిప్పుకుంటూ కూర్చున్నారు. ఎర్సిలియా వీధి దాటి వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చుంది. బిళ్ళలు కలిపి పంచారు. నాలుగు ఆటలయ్యేసరికి ఎవరి చేతిలో ఏం మిగిలిందో ఆవిడ చెప్పేస్తుంటే ముగ్గురూ నోరెళ్ళబెట్టారు.

"చూస్తున్నారా ఏమిటి కొమాద్రే?" అన్నాడు దోన్ బాల్బినో. ఆయన ఎర్సిలియా కూతురికి జ్ఞానస్నానం నాడు తండ్రి స్థానంలో నిలబడ్డవాడు. అప్పటినుంచి ఆవిడకి ఆయన కొంపాద్రే, ఆయనకి ఆవిడ కొమాద్రే.

"చూసి ఆడేది ఆట కాదు కొంపాద్రే, దొంగతనం. మీరేం వేశారో గుర్తుంటే మీ దగ్గర ఏం మిగిలిందో తెలియదూ?"

ఎదుటివాళ్ళవి చూడదన్న ఆ పేరు వల్లే ఇంటర్నెట్ పెట్టె ఆవిడ ఇంటికి వచ్చింది. రేకు కప్పుల సందుల్లోకి తీగ లాగడం గిట్టుబాటు కాదని కంపెనీలవాళ్ళు చెప్పేశాక, పేట సంఘంవాళ్ళే నీళ్ళ ట్యాంకు మీద సొంతంగా ఒక యాంటెన్నా పెట్టుకున్నారు. యానెల్బా అనే అమ్మాయి ఊళ్ళో ఆఫీసులో పనిచేస్తూ సెలవు రోజుల్లో వచ్చి అదంతా బిగించింది. టికెట్లు ఇచ్చే పెట్టె ఎవరింట్లో పెట్టాలన్నప్పుడు సంఘం అధ్యక్షురాలు, రిటైరయిన పంతులమ్మ మిలేదిస్, ఇంకెవరి పేరూ తలవనివ్వలేదు.

పెట్టె పని తేలిక. మీట నొక్కితే చిన్న కాగితం బయటికొస్తుంది. దాని మీద ఆరు అంకెలు. అవి ఫోనులో కొడితే పూటంతా ఇంటర్నెట్ వస్తుంది. ఎర్సిలియా ఆ కాగితాన్ని బోర్లా చింపి, రెండు మడతలు పెట్టి, కిటికీలోంచి అందించేది. అంకెలు ఎప్పుడూ చూడలేదు. టికెట్ కొన్నవాళ్ళది, వాళ్ళ బిళ్ళ వాళ్ళే చూసుకోవాలి. రెండేళ్ళు అలా గడిచాయి.

కాని పేటలో ఆరు అంకెలు కనబడితే ఎవరూ ఆరు అంకెలుగా చూడరు. మూడు జంటలుగా చూస్తారు. మూడు జంటలంటే లాటరీలో త్రిప్లేత, మూడూ కలిపి కట్టే పందెం. బాల్బినో దగ్గర దీనికోసం ఒక లావుపాటి నోటుబుక్కు ఉంది. కలలో వచ్చిన అంకెలు, శవాల బండి నంబరు, చర్చిలో పాటల నంబర్లు, అన్నీ తేదీలతో సహా అందులో ఉంటాయి. టికెట్లు మొదలయ్యాక కిటికీ దగ్గర బల్ల మీద కూర్చొని, కొన్నవాళ్ళని బతిమాలి, "ఒక్కసారి చూపించమ్మా, నేనేం తినేయను" అంటూ వాళ్ళ అంకెలు కూడా రాసుకునేవాడు. ఈస్టరు ముందు ఒకసారి టికెట్ అంకెల్లో రెండు జంటలు నిజంగానే తగిలాయి. ఆ డబ్బుతో ఆయన ఒక మేకని కొని దానికి వైఫై అని పేరు పెట్టాడు.

ఈస్టరు వెళ్ళిన పదిహేను రోజులకి గొడవ మొదలైంది.

"దోన్యా ఎర్సిలియా! ఈ టికెట్ ముందే ఎవరో వాడేశారంటోంది!" ఎదురింట్లో జుట్టు చక్కబెట్టే సెలూన్ నడిపే నూరిస్ చేతిలో దువ్వెనతోనే వచ్చి కిటికీ ముందు నిలబడింది.

"ఇప్పుడే కదమ్మాయ్ చింపి ఇచ్చాను. కాగితం ఇంకా వెచ్చగానే ఉంటుంది చూడు."

"వెచ్చగా ఉంటే సరిపోతుందా? ఎంగిలి పళ్ళెంలో వడ్డిస్తే అన్నం వెచ్చగా ఉందని తింటామా?"

ఎర్సిలియా ఇంకొకటి ఇచ్చింది. ఆ వారం అలాంటివి మూడు. తరువాతి వారం తొమ్మిది. నూరిస్ సెలూన్లో తలలు కడిగించుకునేవాళ్ళందరికీ సబ్బుతో పాటు ఈ మాట కూడా అంటించేది: ఎర్సిలియా ఎంగిలి టికెట్లు అమ్ముతోంది, కిటికీ వెనక అంకెలు చూసి రాసుకొని తనవాళ్ళకి ముందే చెప్పేస్తోంది.

"ఆవిడకి ఇక్కడ తనవాళ్ళు ఎవరున్నారే? కూతురు రాజధానిలో ఉంది, మొగుడు మట్టిలో ఉన్నాడు," అందట ఎవరో.

"అదే కదా! మనకి తెలియనివాడు ఎవడో ఉన్నాడన్నమాట."

సాయంత్రానికి ఆ ఎవడో వెనక సందులో కాపురం పెట్టాడు. మర్నాటికి వాడికి మీసాలు కూడా వచ్చాయి.

"మీసాలెందుకు కొంపాద్రే?" అని అడిగింది ఎర్సిలియా, బాల్బినో ఈ వార్త మోసుకొచ్చినప్పుడు.

"నన్నడిగితే? నూరిస్ కి మీసాలంటే ఇష్టమేమో."

ఆవిడకి నవ్వొచ్చింది కాని గొంతు దాటి రాలేదు. సంఘం వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక సమావేశం పెట్టింది. పెట్టె ఎర్సిలియా దగ్గర ఉంచాలా, తీసేయాలా అన్నది ఒక్కటే విషయం. పెట్టె పోతే పోనీ, అది ఒక రేకు డబ్బా. అది తీసుకుపోయేటప్పుడు దాంతోపాటు తన పేరు కూడా పోతుంది. రేపు డొమినో బల్ల దగ్గర కూర్చుంటే పక్కవాడు బిళ్ళలు గుండెకి దగ్గరగా జరుపుకుంటాడు. అది తలుచుకుంటే ఆవిడకి అన్నం సయించలేదు. కిటికీ ఒక్కపూట మూసినా పారిపోయిందంటారని, ఒళ్ళు వెచ్చబడినా కూడా లేచి తెరిచింది.

గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. బాల్బినో కాఫీకి వచ్చాడు. ముఖం వేలాడేసుకొని నోటుబుక్కు బల్ల మీద పడేశాడు.

"కొమాద్రే, మీ పెట్టె బుర్ర గడ్డకట్టుకుపోయింది. కొత్త అంకెలు ఇవ్వడం చేతకావట్లేదు దానికి."

"మీకూ ఫిర్యాదేనా? చక్కెర ఎంత?"

"మూడు. నే చెప్పేది వినండి. కరెంటు వచ్చాక వచ్చే మొదటి టికెట్ ఎప్పుడూ నలభై ఒకటి, సున్నా ఏడు, ఎనభై మూడు. రెండోది పన్నెండు, అరవై ఆరు, ముప్ఫై. మూడోది తొంభై, తొంభై, పద్దెనిమిది."

ఎర్సిలియా చేతిలో చెంచా ఆగిపోయింది. "ఎప్పుడూ అంటే?"

"ఎప్పుడూ అంటే ఎప్పుడూనే. రోజుకి రెండుసార్లు పోతే రెండుసార్లూ. ఇంత పట్టుదలగా అవే చెబుతోందంటే దేవుడి మాట ఏదో ఉంటుందని వదలకుండా అవే కడుతున్నాను. ఈస్టరు ముందు ఆ ఒక్కసారి తగిలింది, మళ్ళీ ఒక్కటి తగిలితే ఒట్టు!"

"కొంపాద్రే. డొమినోలో వరసగా రెండాటల్లో మీకు అవే ఏడు బిళ్ళలు వస్తే ఏమంటారు?"

"బల్ల తిరగేస్తాను. బిళ్ళలు కలపలేదని అరుస్తాను."

"మరి ఇన్నాళ్ళూ అరవలేదేం?"

బాల్బినో కాఫీ తాగాడు. "ఇది లాటరీ కదా," అన్నాడు నెమ్మదిగా. "లాటరీలో అవే అంకెలు వస్తే అదృష్టం అంటారు."

ఇద్దరూ పెట్టె ముందు కుర్చీలు వేసుకొని కరెంటు కోసం కూర్చున్నారు. నాలుగు దాటాక పేటంతా ఒక్కసారిగా కేక పెట్టింది, రేడియోలు మోగాయి, పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. ఎర్సిలియా మీట నొక్కింది. కాగితం వచ్చింది. దాన్ని తిప్పి చూడడానికి ఆవిడ చెయ్యి మొరాయించింది. ఇది ఎవరూ కొన్నది కాదు, ఎవరి బిళ్ళా కాదు అని పైకే అనుకొని తిప్పింది.

"చదవకండి, నేను చెబుతాను," అన్నాడు బాల్బినో నోటుబుక్కు మీద వేలు పెట్టి. "నలభై ఒకటి, సున్నా ఏడు, ఎనభై మూడు."

సరిగ్గా అవే. రెండోదీ నోటుబుక్కులో ఉన్నట్టే. మూడోదీ, నాలుగోదీ కూడా.

"యేసు, మరియ," అంది ఎర్సిలియా. రెండు వారాల తరవాత ఆవిడకి మొదటిసారి ఆకలేసింది. అరటికాయ ముద్దలో వేయించిన ఉల్లిపాయలు కలిపి, ఇద్దరికీ వడ్డించి, యానెల్బాకి ఫోను చేసింది.

యానెల్బా శుక్రవారం మధ్యాహ్నం అద్దె మోటారుసైకిలు వెనక కూర్చొని, జుట్టంతా గాలికి లేచిపోయి దిగింది. పెట్టెకి తన లాప్‌టాప్ తగిలించి చాలాసేపు చూసింది. తీగ పీకి మళ్ళీ పెట్టింది. ఇంకోసారి పీకి పెట్టింది. తరవాత నుదురు చేత్తో కొట్టుకుంది.

"తప్పు నాది దోన్యా. అంకెలు ఊరికే కలపడం పెట్టెకి రాదు. కలపడం మొదలుపెట్టడానికి ఎక్కడో ఒకచోట పట్టుకోవాలి. ఇది టైముని పట్టుకుంటుంది. గడియారం ఉంది కాని దానికి బ్యాటరీ లేదు. కరెంటు పోగానే అన్నీ మర్చిపోతుంది. వాడిన టికెట్లు, వాడనివి, అన్నీ. మళ్ళీ రాగానే కళ్ళు నలుపుకుంటూ లేచి, ఇవాళ వెయ్యిన్నీ తొమ్మిదివందల డెబ్భై, జనవరి ఒకటో తారీఖు అనుకుంటుంది. ప్రతిసారీ అదే రోజు, అదే క్షణం. అక్కడినుంచి కలిపితే ప్రతిసారీ అదే వరస."

"డెబ్భైలో మా ఇంట్లో కరెంటే లేదు. పదమూడేళ్ళ పిల్లని," అంది ఎర్సిలియా. "మరి పెట్టేముందు చూసుకోలేదా అమ్మా?"

"రెండు వారాలు నడిపి చూశాను. మా ఆఫీసులో. అక్కడ ఇన్వర్టరు ఉంది, కరెంటు పోయిన సంగతే పెట్టెకి తెలియదు." యానెల్బా తల వంచుకుంది. "ఈ దేశంలో పుట్టి పెరిగినదాన్ని. కరెంటు పోతుందన్న సంగతి నాకే గుర్తులేకపోయింది చూడండి."

మేకని పక్కన కట్టేసుకొని కిటికీ దగ్గర కూర్చున్న బాల్బినో పగలబడి నవ్వాడు. యానెల్బా నవ్వలేదు.

"టికెట్లు చిన్న విషయం. ఫోన్లకీ పెట్టెకీ మధ్య నడిచే మాటలకి ఒక తాళం వేస్తుంది. ఆ తాళంచెవిని కూడా ఈ అంకెల వరసలోంచే చేసుకుంటుంది. వరస తెలిసినవాడు తాళంచెవి తయారుచేసుకోవచ్చు. సందు చివర లాప్‌టాప్ పెట్టుకొని కూర్చుంటే చాలు. బ్యాంకులవాళ్ళు తమ తాళం తామే విడిగా వేసుకుంటారు కాబట్టి అది ఫరవాలేదు. మన పేట సందేశాల పేజీకి మాత్రం ఈ తాళం ఒక్కటే దిక్కు."

"అందులో ఒకరికొకరు చాటుగా రాసుకునేవి కూడానా?"

"అవి కూడా."

ఎర్సిలియా కాసేపు కిటికీలోంచి ఎదుటి సెలూన్ వైపు చూసింది. తరవాత బాల్బినో వైపు తిరిగింది. "ఆదివారం ఇదంతా చెప్పాలంటే మీ నోటుబుక్కు బయటికి తీయాలి కొంపాద్రే. తీస్తే, అంకెలు దొంగిలించింది మీరే అంటారు. నా పేరు కడుక్కోవడానికి మీ పేరుకి మురికి పూయలేను."

"నా పేరా?" బాల్బినో మేక తాడు విప్పుకుంటూ లేచాడు. "నేను దొంగనైతే ఎనిమిది నెలలు ఓడిపోయే అంకెలు కడతానా? నా అంత తెలివితక్కువవాడు దొంగ కాలేడని పేటంతా సాక్ష్యం చెబుతుంది. నేనే చదువుతాను."

సమావేశం నూరిస్ సెలూన్లోనే. పేటలో అన్ని కుర్చీలున్న గది అదొక్కటే. జుట్టు ఆరబెట్టే గిన్నెల కింద కూడా జనం కూర్చున్నారు. ఆదివారమైనా నూరిస్ ఇద్దరి తలలకి రోలర్లు చుట్టి వదిలేసింది, వాళ్ళు అలాగే సమావేశానికి హాజరయ్యారు. మిలేదిస్ గొంతు సవరించుకొని ముందు ఫిర్యాదు వినిపించమంది.

"నేను వెనకాల మాట్లాడే రకం కాదు," అని మొదలుపెట్టింది నూరిస్. వెనక వరసలో ఎవరో దగ్గారు. "మూడు వారాల్లో నావి ఆరు టికెట్లు ఎంగిలివి. అంకెలు ముందుగా చూడగలిగేది ఎవరు? టికెట్ చింపేవాళ్ళు. ఇంకెవరైనా ఉంటే చెప్పండి, చెవులు పట్టుకుంటాను."

"అయిందా అమ్మాయ్?" అంది ఎర్సిలియా లేచి. కుర్చీ వీపు పట్టుకుంది. "నాకు మాటలు రావు. చూపిస్తాను."

యానెల్బా పెట్టెని ఎర్సిలియా ఇంటినుంచి మోసుకొచ్చి అద్దం కింద బల్ల మీద పెట్టింది. అందరి ముందూ తీగ పీకింది. పది లెక్కపెట్టి మళ్ళీ పెట్టింది. పచ్చదీపం వెలిగింది. బాల్బినో నోటుబుక్కు తెరిచాడు.

"మీట నొక్కకముందే చెబుతున్నాను. నలభై ఒకటి, సున్నా ఏడు, ఎనభై మూడు."

ఎర్సిలియా మీట నొక్కి, కాగితం మిలేదిస్ చేతికి ఇచ్చింది. మిలేదిస్ కళ్ళజోడు పెట్టుకొని చదివింది. అవే అంకెలు. గదిలో గుసగుస మొదలైంది. రెండోదీ కలిసింది. గుసగుస ఆగింది. మూడోది కలిసేసరికి ఎవరో సిలువ గీసుకున్నారు. బాల్బినో నాలుగోది చెప్పడానికి పేజీ తిప్పుతున్నాడు. ఇంతలో రోలర్లు చుట్టుకున్న మాయ్‌రా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, పాట అందుకున్నట్టు ఒకేసారి అనేశారు:

"యాభై అయిదు, ఇరవై, సున్నా నాలుగు!"

మిలేదిస్ కాగితం చూసింది. యాభై అయిదు, ఇరవై, సున్నా నాలుగు.

"మీకెలా తెలుసు?" అంది పంతులమ్మ గొంతుతో.

ముగ్గురూ తెల్లబోయి, ఒకేసారి అద్దం వైపు చూశారు. అందరూ చూశారు. అద్దం మూలన, మరియమాత బొమ్మ కింద, ఒక కాగితం అంటించి ఉంది. ఎర్రటి పెదవుల రంగుతో పైన రాసి ఉంది: దోన్ బాల్బినో అదృష్ట సంఖ్యలు, కరెంటు వచ్చాక. కింద వరసగా ఇరవై.

"మేక కొన్నాక నూరిస్ అడిగింది, రాసిచ్చాను," అన్నాడు బాల్బినో. "అడిగినవాళ్ళకి అదృష్టం లేదనకూడదు కదా."

మాయ్‌రా రోలర్లు సర్దుకుంటూ చిన్నగా అంది: "తల ఆరేదాకా ఊరికే కూర్చోలేక ఒకసారి ఆ అంకెలు ఫోనులో కొట్టాను. ఇంటర్నెట్ తెరుచుకుంది. అమ్మవారి దయ అనుకున్నాను. దొంగతనం అని నాకేం తెలుసు?"

"నాకూ తెరుచుకుంది," అంది పక్కావిడ. "ప్రతిసారీ కాదు. అదృష్టం ఉన్నప్పుడే."

"మరి! కొన్నవాళ్ళకంటే ముందు కొడితేనే అదృష్టం," అంది యానెల్బా.

నూరిస్ దువ్వెన బల్ల మీద విసిరింది. "నా కుర్చీలో కూర్చొని, నా పంకా గాలి తింటూ, నా టికెట్లు నాకంటే ముందు మింగారా?"

"నువ్వూ కొట్టావుగా వదినా," అంది మాయ్‌రా అమాయకంగా. "పోయిన బుధవారం. 'ఇవాళ నా ఫోను మంచి ముహూర్తాన లేచింది' అని అందరికీ చూపించావు."

సెలూన్ రేకులు ఎగిరిపోయేట్టు అందరూ నవ్వారు. అందరికంటే ఆలస్యంగా మొదలుపెట్టి అందరికంటే ఎక్కువసేపు నవ్వింది ఎర్సిలియా. రెండు వారాల నవ్వు బాకీ ఉండిపోయింది మరి. ఆ గోలలో నలుగురు మెల్లగా తలుపు వైపు జరిగారు.

"ఎక్కడికి?" అని గద్దించింది మిలేదిస్.

"లాటరీ కట్టి ఇప్పుడే వస్తాం పంతులమ్మా. పెట్టె ఇంత గట్టిగా నాలుగుసార్లు చెప్పిందంటే ఇవాళ ఆ త్రిప్లేత తగులుతుంది."

"కూర్చోండి!"

కూర్చున్నారు. అప్పుడు యానెల్బా తాళాల సంగతి చెప్పింది. వరస తెలిసినవాడు పేట సందేశాలు చదివేయగలడని చెప్పింది. నవ్వు ఎవరో మీట నొక్కినట్టు ఆగిపోయింది. ఎవరికి వాళ్ళు తాము ఎవరికి ఏం రాశారో గుర్తు తెచ్చుకుంటున్నారు. ఒక మొగుడు పెళ్ళాం ముఖం చూశాడు, పెళ్ళాం నేల చూసింది. నూరిస్ ముఖం పాలిపోయింది. మీసాల కథ ఆవిడ సగం పేటకి రాతలోనే పంపింది.

"ఎవరైనా చదివారా?" అంది మిలేదిస్.

"చదివిన గుర్తు ఏమీ లేదు. కాని చదివినా గుర్తు మిగలదు. ఇవాళే అందరూ రహస్యపదాలు మార్చుకోండి. ఆ కాగితం చించేయండి. బ్యాటరీ గడియారం, సరిగ్గా కలిపే ప్రోగ్రాము ఉన్న పెట్టె రాజధాని నుంచి రావడానికి నెల పడుతుంది. అప్పటిదాకా ఇది ఆపేయాలి."

"నెలా?" అని గదంతా మూలిగింది.

ఎర్సిలియా చెయ్యెత్తింది. బడిలో ఎత్తినట్టు ఎత్తింది. "అమ్మాయ్, దానికి కలపడం చేతకాకపోతే మనం కలిపి ఇస్తే తీసుకోదా?"

"అంటే?"

"డొమినో బిళ్ళలు. కరెంటు వచ్చాక, పెట్టె ఏ పనీ మొదలుపెట్టకముందే, బిళ్ళలన్నీ బోర్లా వేసి బాగా కలిపి, ఒక్కొక్కటే తిప్పి, వచ్చిన వరస దాంట్లో కొడితే? జనవరి ఒకటికి బదులు అది పట్టుకొని మొదలుపెడుతుంది కదా?"

యానెల్బా వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "ఇరవై ఎనిమిది బిళ్ళలు. వాటికి వచ్చే వరసలు మన ఊరి ఇసుక దిబ్బల్లో ఇసుక రేణువులకంటే ఎక్కువ. చాలా ఎక్కువ. ఎవడూ ఊహించలేడు. అలా తీసుకునేట్టు నేను సాయంత్రానికి మార్చగలను. కాని దోన్యా, తిప్పిన బిళ్ళల్ని కొట్టేవాళ్ళు తప్ప ఇంకెవరూ చూడకూడదు. ఎక్కడా రాసిపెట్టకూడదు."

"అయితే కొట్టేది ఎవరు?" అంది మిలేదిస్. అడిగి, జవాబు కోసం నూరిస్ వైపు చూసింది. గదంతా అటే చూసింది.

నూరిస్ లేచి నిలబడింది. అద్దం మీద కాగితం పీకి నలిపి బుట్టలో వేసింది. "గట్టిగా అన్నాను కాబట్టి గట్టిగానే వెనక్కి తీసుకుంటాను," అంది. "దోన్యా ఎర్సిలియా నా టికెట్ ఎప్పుడూ చూడలేదు. చూసి ఉంటే ఈ పెట్టె తిక్క రెండేళ్ళ కిందటే బయటపడేది. తప్పు ఆవిడ మంచితనానిది, నా నోటిది." అని, మాట ఇచ్చినట్టే రెండు చెవులూ పట్టుకుంది. "మీసాలవాడు కూడా లేడు. ఉంటే బాగుండేదని నాకనిపించింది, అంతే."

పెట్టె ఎర్సిలియా దగ్గరే ఉండాలని అందరూ చేతులెత్తారు. రోలర్లవాళ్ళు రెండు చేతులూ ఎత్తారు.

"ఉంచుకుంటాను," అంది ఎర్సిలియా. "కాని రేపు నేను కిటికీ తెరవను. మూడు వారాలుగా ఇల్లు కదల్లేదు. పాయాలో మా చెల్లెలింటికి వెళ్తాను. రేపు కిటికీలో నూరిస్ కూర్చుంటుంది."

"నేనా? నా సెలూన్?"

"సోమవారం నీకు సెలవే కదమ్మాయ్."

ఆ సాయంత్రం యానెల్బా పెట్టెని మార్చింది. ఎర్సిలియా నూరిస్ ని వంటింట్లో కూర్చోబెట్టి బిళ్ళలు ఎలా కలపాలో చూపించింది. నూరిస్ మైదాపిండి పిసికినట్టు కలిపింది. ఒక బిళ్ళ ఎగిరి పొయ్యి కింద పడింది.

"నెమ్మదిగా. అవి నీ ఖాతాదార్ల తలలు కావు."

సోమవారం పదింటికల్లా ఎర్సిలియా పాయాలో ఉంది. చెల్లెలు వరండాలో కుర్చీ వేసి, పొద్దున్నే కాచిన పాల మిఠాయి పళ్ళెంలో పెట్టింది. రోడ్డు మీద మామిడిపళ్ళ బండ్లు వెళ్తున్నాయి. ఇద్దరూ ఎలీహియో గురించి కాసేపు మాట్లాడుకున్నారు. పన్నెండు కావస్తుండగా ఫోను మోగింది.

"దోన్యా!" నూరిస్ గొంతు చెవి చిల్లులు పడేలా ఉంది. "కరెంటు పోయి వచ్చింది, కలిపాను, కొట్టాను, అంతా బాగానే ఉంది. కాని మన పేట మెకానిక్ వచ్చి టికెట్ పనిచేయట్లేదని, నేను వాడేసిందే ఇచ్చానని వీధిలో నిలబడి అరిచాడు! నన్ను దొంగ అన్నాడు దోన్యా! నన్ను!"

"టికెట్ తలకిందులుగా పట్టుకొని కొట్టాడేమో చూడు. అతను కళ్ళజోడు పెట్టుకోడు."

అవతల చప్పుడు, కేకలు, మళ్ళీ చప్పుడు. "అవును," అంది నూరిస్ కాసేపటికి. గొంతు దిగిపోయింది. "తలకిందులుగానే. దణ్ణం పెట్టి వెళ్ళాడు. దోన్యా, ఇంకో మాట. అతను అలా అన్నాక తెచ్చుకున్న అన్నం ముట్టబుద్ధి కాలేదు."

"తెలుసమ్మాయ్," అంది ఎర్సిలియా. "ఏమైనా తిని కూర్చో."

ఫోను పెట్టేసి మిఠాయి ముక్క నోట్లో వేసుకుంది. చెల్లెలు పళ్ళెం దగ్గరికి జరుపుతూ, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోవాలా అని అడిగింది.

"రేపు వెళ్తాను," అంది ఎర్సిలియా.